ఇర్మా పాస్కల్ రాయని అధ్యాయం

అనువాదకులు కావాలని ఉందంటూ ఈ మధ్య నా దగ్గరకు పిల్లలు వస్తున్నారు. ఏ నిఘంటువు కొనమంటారు అన్నది వాళ్ళ మొదటి ప్రశ్న. ఏదో ఒకటి కొనుక్కోండి, అది ఎప్పుడైనా దొరుకుతుంది అంటాను. దొరకనివి వేరే ఉన్నాయి. మీ పుస్తకం అచ్చువేసే పెద్దమనిషి మనసులో ఏముందో ఏ నిఘంటువూ చెప్పదు. దాన్ని చదవడం నేర్చుకునేసరికే నా నల్లజుట్టు సగం పోయింది.

మాది మైలవరం. నాన్నగారు మిషన్ స్కూల్లో మాస్టారు. నాకు ఇంగ్లీషు వచ్చింది బైబిలుతోనూ, ఆదివారం పాటల పుస్తకంతోనూ. ఎమ్మే చదివాక కాలేజీ ఉద్యోగం వస్తుందని బెజవాడ భవానీపురంలో గది తీసుకుని ఎదురుచూశాను. అది రాలేదు, పుస్తకాల కంపెనీ ఉద్యోగం వచ్చింది. అందులోనే చేరి అందులోనే రిటైరయ్యాను. ఇంక్రిమెంట్ల సంగతి రాయను. రాస్తే మీరెవరూ ఈ పనిలోకి రారు.

మా యజమానీ, ఆయన వక్కపొడి డబ్బా

మా ప్రొప్రయిటరు కోటేశ్వరరావు గారు ఉయ్యూరు అవతల పల్లెటూరి రైతు కుటుంబం మనిషి. పొలం తమ్ముడికి అప్పజెప్పి బెజవాడ వచ్చి ప్రెస్సు పెట్టారు, తర్వాత నవలలు వెయ్యడం మొదలుపెట్టారు. ఇంగ్లీషు అంతంతమాత్రం. కానీ చెవి మాత్రం అసాధ్యమైన చెవి. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను అనువదించిన అధ్యాయం పైకి చదవాలి, ఆయన కళ్ళు మూసుకుని వినాలి. అది మా ఆఫీసు ఆచారం. చదువుతుండగా ఆయన చెయ్యి వక్కపొడి డబ్బా మీదకు వెళ్ళిందంటే ఆ పేజీ బాగా రాలేదన్నమాట. ఎప్పుడూ ఒక్కమాట అనేవారు కాదు. నేను ఇంటికి వెళ్ళి ఆ పేజీ తిరగరాసేదాన్ని. తిరగరాసిన ప్రతిసారీ బాగుపడేది, అదే నాకు ఒళ్ళుమండేది.

అంత మంచి చెవి ఉన్నాయనకు ఒక జబ్బు ఉండేది. నవల ముగింపు విషాదంగా ఉంటే ఊరుకోలేరు. నేను చేరకముందు వేసిన ఒక విదేశీ నవల్లో నదిలో మునిగి చచ్చిపోయిన కథానాయికను ఆయన స్వయంగా రెండు పేజీలు రాసి జాలరివాళ్ళ చేత బయటికి తీయించారు. పాఠకులు మెచ్చుకుంటూ రాశారట. ఇంకేముంది, ఆయనకు ధైర్యం వచ్చేసింది. మా దగ్గర అచ్చయిన అనువాదాల్లో మనుషులు చచ్చిపోవడం తగ్గిపోయింది, ఇల్లు వదిలినవాళ్ళంతా క్షేమంగా ఇల్లు చేరడం మొదలైంది.

ఇది తప్పా అంటే తప్పే. ఇప్పుడెవరైనా చేస్తే కోర్టుకు ఈడుస్తారు. అయితే ఒకటి చెబుతాను వినండి. యజమాని తప్పు చేస్తున్నాడని గుర్తించడం ఏమంత పెద్ద విద్య కాదు. ఎందుకు చేస్తున్నాడో తెలుసుకుంటేనే ఆ తప్పు ఆపగలరు. నాకు ఈ సంగతి నేర్పింది ఇర్మా పాస్కల్ అనే రచయిత్రి, డెబ్బైల్లో ఆవిడ బెజవాడ వచ్చినప్పుడు.

పరదాతో అయిపోయిన నవల

ఇర్మా పాస్కల్ కరీబియన్ సముద్రంలో ఒక చిన్న ద్వీపంలో పుట్టారు. తల్లి లేదు, చెరకు తోటల్లో కూలికి వెళ్ళే నాన్నమ్మ పెంచింది. వయసొచ్చాక నర్సు ట్రైనింగుకని ఓడెక్కి ఇంగ్లండు వెళ్ళి లండన్‌లోనే ఉండిపోయారు. ఆస్పత్రికి వెళ్ళే బస్సులో కూర్చుని రాసిన నవలలతో పేరు తెచ్చుకున్నారు. వాటిలో ఒకటి మా చర్చికి వచ్చే నర్సమ్మ ఒకావిడ నాకు చదవమని ఇచ్చింది.

కథ చిన్నదే. రూత్ అనే అమ్మాయి లండన్ ఆస్పత్రిలో నర్సు. అద్దెగదిలో ఉంటుంది. వచ్చే ఏడు ఇంటికి వెళ్ళిపోతాను, ఆ పై ఏడు వెళ్ళిపోతాను అంటూ ఏళ్ళు గడుపుతుంది. ఎలాగూ వెళ్ళిపోయేదాన్నే కదా అని గది కిటికీకి పరదా కూడా కట్టుకోదు. చివరి పేజీలో బజారుకు వెళ్ళి గుడ్డ కొని, కూర్చుని పరదా కుట్టుకుంటుంది. అంతే, నవల అయిపోతుంది. భవానీపురంలో నా గది కిటికీకీ పరదా ఉండేది కాదు.

అనువాదానికి అనుమతి అడిగితే ఆవిడ వెంటనే ఇచ్చారు, ఒక్క షరతు మీద. ముగింపు ముట్టుకోకూడదు. త్వరలో మద్రాసులో రచయితల సభకు వస్తున్నానని, వీలైతే మీ ఊరూ చూస్తానని రాశారు. నేను గాల్లో తేలిపోయాను. అదే నా పేరు అట్టమీద పడబోయే మొదటి పుస్తకం మరి.

మూడువంతుల నవల వినేదాకా కోటేశ్వరరావు గారు వక్కపొడి డబ్బా ముట్టుకోలేదు. చివరి అధ్యాయం చదివాను. కళ్ళు తెరిచి, "తర్వాత?" అన్నారు.

"తర్వాత లేదండీ. అయిపోయింది."

"పరదాతో నవల అయిపోవడమేంటి సుగుణమ్మా? ఆ పిల్ల ఇంటికెళ్ళొద్దూ?"

"వెళ్ళదండీ. అదే కథ. ముగింపు ముట్టుకోవద్దని ఆవిడ షరతు కూడానూ."

"నువ్వు ఊరుకో. నేను చూసుకుంటా."

వారం తిరక్కుండా ఆయన ఒక అధ్యాయం రాసుకొచ్చారు. రూత్ ఓడ దిగుతుంది. చెరకు తోటల మధ్య బండిలో ఊరికి వస్తుంది. గుమ్మంలో నాన్నమ్మ. ఆ నాన్నమ్మ మూడో అధ్యాయంలోనే పోయింది కదండీ అంటే, "ఆ కబురు పొరపాటున వచ్చిందని ఒక వాక్యం రాశాగా, చూడలా?" అన్నారు. రూత్ తిన్నగా వంటింట్లోకి వెళ్ళి పొయ్యి దగ్గర నేలమీద చతికిలబడుతుంది. నాన్నమ్మ ఏమీ అడక్కుండా అన్నం కలిపి ముద్దలు పెడుతుంది. చెప్పుకోవాలి కాబట్టి చెబుతున్నాను, ఆ అధ్యాయం బాగుంది. చదివి నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. అందుకే ఇంకా కోపం వచ్చింది.

"ఈ అధ్యాయం పెడితే నా పేరు తీసేయండి" అన్నాను.

"తీసేస్తా" అన్నారు ఆయన, ఏమాత్రం తడుముకోకుండా. అని ఆ కాగితాలను అచ్చక్షరాలు పేర్చే కంపోజింగు గదికి పంపించేశారు.

స్టేషన్లో క్రికెట్

ఆవిడ మద్రాసు నుంచి రైల్లో దిగారు. వెస్టిండీస్ నుంచి ఎవరో వస్తున్నారని ఊళ్ళో ఎలా పాకిందో పాకింది. ప్లాట్‌ఫారం మీద కాలేజీ కుర్రాళ్ళు ఆటోగ్రాఫు పుస్తకాలతో తయారు. రైల్లోంచి టోపీ పెట్టుకుని, కళ్ళజోడుతో, పొడుగ్గా, యాభై దాటిన ఒక ఆడమనిషి దిగేసరికి వాళ్ళ మొహాలు చూడాలి. ఒకడు మాత్రం ఆశ చంపుకోలేక, "మేడమ్, మీరు బౌలింగు చేస్తారా?" అని అడిగాడు. "చిన్నప్పుడు మా పెదనాన్న కొడుకు పన్ను ఊడగొట్టాను" అన్నారు ఆవిడ. అందరూ సంతకాలు తీసుకున్నారు.

ఆ సాయంత్రం సభలో శాలువాలు, దండలు, ప్రసంగాలు. ఆవిడ గురించి అయిదుగురు మాట్లాడారు, అయిదుగురిలో ఒక్కరూ ఆవిడ పుస్తకం చదవలేదు. ఆవిడ మాటలను తెలుగులోకి చెప్పే పని నాది. సభ అయ్యాక చుట్టూ మూగినవాళ్ళంతా అడిగింది ఒక్కటే. "మీ దేశం ఎప్పుడు వెళ్ళిపోతారు?" ఆవిడ ఒకరికి వచ్చే ఏడన్నారు, ఇంకొకరికి చిన్న ఇల్లు కట్టుకున్నాక అన్నారు, మూడో ఆయనకు "మీరు తోడొస్తే రేపే" అన్నారు. అన్నీ చిరునవ్వుతోనే.

రిక్షాలో వస్తూ నేను అడిగాను, ఆ ప్రశ్నకు విసుగు రాదా అని.

"అది ప్రశ్న కాదమ్మా, వాతావరణం. రోజూ ఉంటుంది" అన్నారు. తర్వాత తన సంగతంతా చెప్పారు. మొదటి నవల తీసుకెళ్తే లండన్ ప్రచురణకర్త, ఇందులో మీ సముద్రం ఏది, మీ కొబ్బరిచెట్లు ఏవి అని అడిగాడట. కథంతా లండన్ అద్దెగదిలో జరుగుతుంది మహాప్రభో అంటే, సరేనని అట్టమీద కొబ్బరిచెట్టు వేశాడట. అది మొదలు ప్రతి పుస్తకం మీదా కొబ్బరిచెట్టే. ఇక సొంత ద్వీపంలో పేపరువాళ్ళు, పరాయి దేశంలో కూర్చుని మన గురించి ఏం తెలుసని రాస్తుంది అన్నారట. లండన్ పేపర్లు, ఇన్నేళ్ళుగా ఇక్కడుండి ఇంకా ఆ ద్వీపం గోలేమిటి అన్నాయట. "ఎవరు చూసినా నేను తప్పు ఊళ్ళోనే ఉన్నాను. మొదట్లో ఏడ్చాను. తర్వాత చూసుకుంటే నా పుస్తకాలన్నీ అక్కడినుంచే వచ్చాయి. ఇప్పుడు ఆ ఊరు ఖాళీ చెయ్యమన్నా చెయ్యను" అని పెద్దగా నవ్వారు. రిక్షావాడు కూడా వెనక్కి తిరిగి నవ్వాడు.

మర్నాడు మార్కెట్‌లో ఇంకో ముచ్చట జరిగింది. నవల్లో రూత్ చిన్నప్పుడు ద్వీపంలో చూసిన తగాదా ఒకటి ఉంది. ఇద్దరు మగవాళ్ళు చెట్టుకింద పోట్లాడుకుంటుంటే ఒకడి నెత్తిమీద కాయ పడుతుంది. వాడు తల రుద్దుకుని మళ్ళీ తిట్టడం మొదలుపెడతాడు. పనసకన్నా చాలా చిన్నదైన ఆ కాయకు నేను సీమపనస అని రాశాను. మా ప్రూఫ్ రీడరు శాస్త్రిగారు, సీమపనస మనవాళ్ళు ఎంతమంది చూశారు గనక అని, సీమ కొట్టేసి పనస ఉంచారు. పాస్కల్ గారు మార్కెట్‌లో నిలువెత్తు పనసకాయల ముందు ఆగి, ఇదేమిటన్నారు. చెప్పాను, శాస్త్రిగారి దిద్దుబాటుతో సహా. ఆవిడ రెండు చేతులతో ఒక కాయ ఎత్తి చూసి కింద పెట్టారు. "ఇది పడితే వాడు ఇంక తిట్టడు, సుగుణా. అంత్యక్రియలు రాయాల్సి ఉంటుంది." నవ్వీ నవ్వీ నాకు పొట్ట నొప్పెట్టింది. సీమ తిరిగొచ్చింది. శాస్త్రిగారు దిద్దినది కూడా చదువరి మీద ప్రేమతోనే. మన పనిలో ప్రేమతో పాడుచెయ్యడమే ఎక్కువ. దాన్ని పట్టుకోవడం కష్టం.

అప్పుడే, ఆ నవ్వులో, నేను చివరి అధ్యాయం సంగతి కూడా చెప్పేశాను. చెప్పకపోతే ద్రోహం అనిపించింది. కోటేశ్వరరావు గారు రాసినదంతా ఇంగ్లీషులో చెప్పమన్నారు ఆవిడ. అరటికాయల కొట్టు ముందు నిలబడి చెప్పాను, ఓడ, బండి, గుమ్మం, వంటిల్లు, అన్నం ముద్దలు. ఆవిడ మొహంలో నవ్వు మెల్లగా ఆగిపోయింది.

"ఇది పెడితే నా అనుమతి లేదు. ఆయనకు చెప్పు" అన్నారు. తర్వాత, "ఆ పెద్దమనిషిది ఏ ఊరు?" అని అడిగారు.

ఉయ్యూరు పక్కన, చెరకు పండే ఊరేనని చెప్పాను.

"నాకు చెరకు చూడాలని ఉందని చెప్పు" అన్నారు.

రెండు కుర్చీలు

చెరకు అనగానే కోటేశ్వరరావు గారు పొంగిపోయారు. అనుమతి సంగతి ఆయనతో అప్పటికే చెప్పి ఉన్నాను. "ఆవిడకి మా ఊరు చూపిస్తే అర్థమవుద్దిలే, ఇంటికెళ్ళడమంటే ఏంటో" అన్నారు. మర్నాడు పొద్దున్నే ఆయన అంబాసిడర్ కారులో బందరు రోడ్డు పట్టాం. ఆటోనగర్ దగ్గర ఫ్యాను బెల్టు తెగింది. అది మార్చేలోగా పాస్కల్ గారు లారీల మీద రంగులు వేస్తున్నవాళ్ళ దగ్గర నిలబడి, ఏనుగులు, నెమళ్ళు అన్నీ చూసి, నా పుస్తకాలకు అట్టలు వీళ్ళచేత వేయించాల్సింది అన్నారు. దారి పొడుగునా కోటేశ్వరరావు గారు చెబుతూనే ఉన్నారు, మా బావి నీళ్ళు ఇలాంటివి, మా వంటింటి పొయ్యి దగ్గర మా అమ్మ ఇలా కూర్చునేది అని. తల్లి పోయి చాలా ఏళ్ళయింది. ఆ పొలాల్లోకి ఆయన చివరిసారి ఎప్పుడు వెళ్ళారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఆయన తమ్ముడు సాంబయ్యగారు, మరదలు రత్తమ్మగారు వీధిలోకి వచ్చి ఎదురుచూస్తున్నారు. "రండి బావగారూ, రండి రండి" అంటూ హడావిడి. అరుగు మీద రెండు కుర్చీలు వేసి ఉన్నాయి, ఒకటి పక్కింటినుంచి తెచ్చింది. రెండింటి మీదా కొత్త తువ్వాళ్ళు పరిచారు. ఒకటి పాస్కల్ గారికి, ఒకటి కోటేశ్వరరావు గారికి. నేను గుమ్మం పక్కన చాపమీద ఆడవాళ్ళతో కూర్చున్నాను.

ఆయన కూర్చోకుండా బావి దగ్గరకు వెళ్ళి చేద అందుకోబోయారు. సాంబయ్యగారు పరుగెత్తుకెళ్ళి తాడు లాక్కున్నారు. "నువ్వెందుకన్నయ్యా, చేతులు కోసుకుపోతయ్యి." కాళ్ళమీద తనే నీళ్ళు పోశారు. భోజనాల వేళకు ఆయన వంటింటి వైపు నడిచారు.

"నేను లోపల కూర్చుంటానమ్మా, పొయ్యి దగ్గర" అన్నారు.

రత్తమ్మగారు గుమ్మంలోనే అడ్డుపడ్డారు. "అయ్యో, అక్కడంతా పొగ అండీ. మీకు అలవాటు పోయిందిగా. హాల్లో బల్ల వేశాం, దొరసానిగారితో పాటు మీరూ అక్కడే కానివ్వండి."

ఎంత మర్యాదగా చెప్పారో! ఒక్క పొల్లు మాట లేదు. ఆయన తిరిగొచ్చి బల్ల దగ్గర కూర్చున్నారు. పాస్కల్ గారు చూస్తూనే ఉన్నారు. గోంగూర పచ్చడి మూడుసార్లు వేయించుకుంటూ, అన్నీ చూశారు.

సాయంత్రం చెరకు కొడుతున్న చేలోకి వెళ్ళాం. పాస్కల్ గారు కొడుతున్న ఒకావిడ దగ్గర కత్తి అడిగి తీసుకున్నారు. వంగి, గడ మొదట్లో నేలకు ఆనించి కొట్టారు. మొదటి వేటుకు తెగలేదు, రెండోదానికి తెగింది. మోడు ఎత్తుగా మిగిలితే చిన్నప్పుడు వాళ్ళ నాన్నమ్మ వీపు మీద చరిచేదట. ఆడవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. వాళ్ళలో ఒకామె ఆవిడ చెయ్యి పట్టుకుని అరచెయ్యి తిప్పి చూసి, "చేసిన చెయ్యే!" అంది. కోటేశ్వరరావు గారికి పౌరుషం వచ్చింది. ఆయనా కత్తి అడిగారు. "మీకెందుకండీ బాబుగారూ, బట్టలు పాడైపోతయ్యి" అని ఆ కత్తిని ఆమె వెనక్కి దాచేసుకుంది.

బెల్లం వండుతున్న చోట వేడి పాకం ఆకులో వేసిచ్చారు. దాన్ని వాసన చూసి పాస్కల్ గారు మొహం తిప్పుకున్నారు. కళ్ళు తుడుచుకుని, నవ్వి, నోరు కాల్చుకుంటూ తిన్నారు. నాకు ఆ క్షణాన ఆవిడ మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను.

తిరుగు ప్రయాణంలో కంకిపాడు దాటాం. అప్పుడు పాస్కల్ గారు ముందు సీట్లో ఉన్న ఆయన్ని ఉద్దేశించి మెల్లగా ఇంగ్లీషులో అన్నారు. నేను తెలుగులో చెప్పాను: "రావుగారూ, మీవాళ్ళు చాలా మంచివాళ్ళు. మీకూ నాకూ ఒకే రకం కుర్చీ వేశారు."

ఆయన వక్కపొడి డబ్బా తీశారు, తెరిచారు, మూసేశారు. "సుగుణమ్మా, ఆవిడ నన్ను తిట్టిందా?" అన్నారు.

"లేదండీ. చూసింది చెప్పారు."

"ఆవిడ ద్వీపం వెళ్తే ఆవిడకీ అంతేనా? అడుగు."

అడిగాను. కిందటిసారి వెళ్ళినప్పుడు మేనత్త కూతురు తనకోసం ప్రత్యేకంగా దుకాణంలో రొట్టె కొనుక్కొచ్చిందని, ఇంట్లోవాళ్ళంతా తింటున్న దుంపల కూర అడిగితే మీకు పడదేమో అన్నదని చెప్పారు. కోటేశ్వరరావు గారు ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టారు. ఆవిడా నవ్వారు. బందరు కాలవ పక్కన, ఒకరి భాష ఒకరికి రాని ఇద్దరు అలా నవ్వుకుంటూ ఉంటే మధ్యలో నాకు చెప్పడానికి ఏమీ లేకపోయింది. అనువాదకురాలికి అంతకంటే మంచి రోజు ఉండదు.

అచ్చయ్యాక

మర్నాడు ఆఫీసుకు వస్తూనే ఆయన తిన్నగా కంపోజింగు గదిలోకి వెళ్ళారు. "ఆ చివరి పేజీలు విప్పేసి టైపు కేసుల్లో వేసెయ్యండి. పరదా దగ్గరే ఆపండి" అన్నారు. బయటికి వచ్చి నాతో, "నీ పేరు కొంచెం పెద్దక్షరాల్లో వేయిస్తాలే" అన్నారు. అన్నట్టే వేయించారు. అట్టమీద కొబ్బరిచెట్టు లేదు, కిటికీ ఉంది. పుస్తకం కాపీ అందాక పాస్కల్ గారు, తన కొబ్బరిచెట్ల పుస్తకాల పక్కన దీన్ని ఎదురుగా నిలబెట్టానని రాశారు.

ఆవిష్కరణ సభలో వెనకవరసలోంచి ఒక పెద్దాయన లేచారు. "అంతా బాగుందిగానీ, ఆ అమ్మాయిని ఇంటికి చేర్చకుండా వదిలేశారేంటండీ? లోపం కాదూ?" నేను నోరు తెరిచేలోపే కోటేశ్వరరావు గారు మైకు అందుకున్నారు.

"చేర్చిన అధ్యాయం ఒకటుందండీ, నేనే రాశా. పుస్తకంలో ఉండదు. వినాలనుకున్నవాళ్ళు మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఆఫీసుకి రండి, చదివి వినిపిస్తా."

సరదాకి అన్నారనుకున్నాను. నిజంగానే జనం వచ్చారు. కాలేజీ పిల్లలు, గుమాస్తాలు, ఒకసారి గుడివాడనుంచి ఇద్దరు టీచర్లు. సొరుగులోంచి కాగితాలు తీసి, టీ తెప్పించి, నేను చదివే కుర్చీలో తను కూర్చుని చదివేవారు. వంటిల్లు వచ్చేసరికి ప్రతిసారీ కాగితం పక్కన పెట్టి, చూడకుండానే చెప్పేవారు. అయ్యాక, "ఇది ఉత్తదండీ, అసలుది పుస్తకంలో ఉంది, కొనుక్కెళ్ళండి" అనేవారు. కొనేవారు కూడా.

ఆ టీచర్లలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంటూ అంది, "ఇంత బాగుంటే పుస్తకంలోనే పెట్టొచ్చు కదండీ?"

కోటేశ్వరరావు గారు కాగితాలు మడిచి సొరుగులో పెట్టుకున్నారు.

"పెట్టకూడదమ్మా" అన్నారు. "అందులో ఇంటికెళ్ళింది ఆ పిల్ల కాదు."